అదృష్టం పేరిట అరోవానా



ఈ మాసం ఒక చేపను గురించి వ్రాయవలసి వచ్చింది. వేసవి ముదిరితే చెరువులు నెర్రెలు విచ్చే పామూరు వంటి మెట్ట ప్రాంతంలో, అమెజాన్ నదిలో పుట్టిన చేపను గురించి ధర్మసందేహాలు తలెత్తుతాయని పదేళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే మేము నవ్వి ఊరుకొనేవాళ్ళం. ఇప్పుడు నవ్వలేకున్నాము. గల్లాపెట్టె పక్కన అద్దాల తొట్టె, అందులో వెండి రేకువలె పొడవుగా, గంభీరంగా, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరుగుతూ ఉండే ఒకే ఒక్క చేప. దాని పేరు అరోవానా. అమ్మేవారు మాత్రం దానిని 'అదృష్టం చేప' అనీ, 'వాస్తు చేప' అనీ అంటారు. మన వాళ్ళ దుకాణాలలోనూ, ఒకటి రెండు ఇండ్లలోనూ దానిని చూశాము. గడచిన కొద్ది మాసాలుగా మమ్మల్ని అడుగుతున్న ప్రశ్నలు రెండు. దీనిని ఇంట్లో ఉంచుకోవచ్చునా? ఇంటికి రాబోయే ఆపదను ఇది తన మీదకు తీసుకొని చనిపోతుందట, నిజమేనా?

రెండో ప్రశ్నకు 'అబద్ధం' అన్న ఒక్క మాటతో జవాబు చెప్పి పంపవచ్చును. అట్లా చెప్పి పంపిన జవాబు గడప దాటేలోగా మరుపునకు వస్తుందని బోధన వృత్తిలో ఉన్న మాకు తెలియనిది కాదు. ఆ చేప ఏమిటో, ఎక్కడిదో, ఎట్లా బ్రతుకుతుందో ముందు తెలుసుకొంటే జవాబు దానంతట అదే తేటపడుతుంది.

మన దుకాణాలలో సాధారణంగా కనిపించేది వెండి అరోవానా. దాని సొంత ఊరు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. శాస్త్రజ్ఞులు దానిని ఆస్టియోగ్లాసమ్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఎముక నాలుక అని అర్థం. నిజంగానే దాని నాలుక ఎముకతో కూడి, పండ్లతో గరుకుగా ఉంటుంది. పట్టిన ఆహారాన్ని ఆ నాలుకకూ, నోటి పైకప్పునకూ నడుమ నొక్కి నలుపుతుంది. ఆ నదులు పొంగినప్పుడు నీరు గట్లు దాటి మైళ్ళ కొద్దీ అడవిలోనికి పోతుంది. చెట్ల మొదళ్ళు నెలల తరబడి మునిగి ఉంటాయి. అప్పుడు ఈ చేప కొమ్మల నీడలో, నీటి పైపొరకు ఆనుకొని ఈదుతుంది. దాని కండ్లు పైకి చూడడానికి అనువైనవి. నోరు పెట్టె మూతవలె పైకి తెరుచుకొంటుంది. కొమ్మ మీద పురుగో, సాలీడో కనబడితే చాలు, ఒంటిని వింటివలె వంచి ఒకటి రెండు మీటర్ల ఎత్తు వరకు ఎగిరి పట్టుకొంటుంది. ఒక్కొక్కప్పుడు చిన్న పక్షులు, గబ్బిలాలు కూడా దానికి చిక్కుతాయి. అక్కడి ప్రజలు దీనిని నీటి కోతి అని పిలవడంలో ఆశ్చర్యమేమున్నది?

దాని సంతాన పోషణ ఇంతకంటె విశేషమైనది. తల్లి గుడ్లు పెట్టగానే తండ్రి వాటిని నోటిలోనికి తీసుకొంటుంది. గుడ్లు నోటిలోనే పొదుగుతాయి. కడుపు కింద పసుపుపచ్చని సొన సంచి వ్రేలాడే పిల్లలు వారాల తరబడి ఆ నోటిలోనే ఉంటాయి. అన్ని రోజులూ తండ్రి దాదాపు పస్తు. పిల్లలు కొంచెం ఈత నేర్చి బయటికి వచ్చినా, అపాయం తోచితే మళ్ళీ తండ్రి నోటిలోనికే పరుగెత్తుతాయి. లక్షల గుడ్లు నీటిలో వదలి వెళ్ళిపోయే చేపలున్న లోకంలో, గంపెడు గుడ్లయినా పెట్టని ఈ చేపకు అల్లాహ్ తండ్రి నోటినే ఊయలగా చేశాడు.

వ్యాపారం సరిగ్గా అక్కడే చేయి పెట్టింది. తొట్టెలలో పెంచడానికి కావలసినవి పిల్లలు. పిల్లలు ఉండేది తండ్రి నోటిలో. అమెజాన్ ప్రాంతంలో పిల్లల కోసం పెద్ద చేపను బల్లెంతోనో, తుపాకీతోనో చంపి, నోరు తెరిచి, పిల్లలను దులిపి తీసుకొనే పద్ధతి చాలాకాలం సాగింది. ఈ సంగతి చదివినప్పుడు మాకు అబూదావూద్ గ్రంథంలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలను పట్టి తెచ్చుకొన్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకొంటూ అక్కడే తిరుగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లలను తీసుకొని దానిని బాధపెట్టినది ఎవరని ప్రశ్నించి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. రెక్కలు కొట్టుకొనే తల్లి ఎదురుగా ఉన్నది కాబట్టి ఎవరి కంటికైనా కనబడుతుంది. సముద్రాల అవతల చచ్చిపడిన తండ్రి చేప ఇక్కడ గల్లాపెట్టె ముందు కూర్చున్న వానికి కనబడదు. అమ్మకానికి వచ్చే ప్రతి చేపా అట్లా పట్టినదేనని మేము అనడం లేదు. చెరువులలో పెంచి పిల్లలు తీసేవారూ ఉన్నారు. అయితే ఎక్కడి నుంచి వచ్చినదని అమ్మేవానిని అడగడం కొనేవాని బాధ్యత. మాంసం కొనేటప్పుడు జబీహా ఎవరిదని అడగడం మనకు అలవాటే కదా.

ఇక అదృష్టం కథకు మూలం ఈ వెండి చేప కానే కాదు, దాని ఆసియా దాయాది. ఇండోనేషియా, మలేషియా, థాయిలాండు, కంబోడియా, వియత్నాం ప్రాంతాల నదులలో అది బ్రతుకుతుంది. పశ్చిమ కాలిమంతాన్‌లోని కపువాస్ నదీ ప్రాంతపు ఎర్రది, మలయా ద్వీపకల్పపు బంగారు రంగుది మిక్కిలి ప్రసిద్ధం. ఒకప్పుడు ఆ ఊళ్ళ వారికి అది కూర చేపే. ఆ మాటకొస్తే ఎముకలు ఎక్కువని అంతగా ఇష్టపడే కూర కూడా కాదు. పెద్ద పెద్ద పొలుసులు నాణేల వలె మెరవడం, గడ్డం దగ్గర రెండు మీసాలు ఉండడం చూసి చీనా వర్తకులు దానిని తమ పురాణాలలోని డ్రాగన్‌తో పోల్చారు. డ్రాగన్ అంటే వారికి సిరి, అధికారం. ఆ పోలిక ధరను పెంచింది, ధర వేటను పెంచింది, వేట చేపను అరుదు చేసింది, అరుదు కావడంతో ధర మళ్ళీ పెరిగింది. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం, సైటీస్, ఈ చేపను అత్యంత కఠినమైన మొదటి పట్టికలో చేర్చింది. నేడు అనుమతి పొందిన పెంపకశాలల్లో పుట్టి, ఒంటిలో మైక్రోచిప్ అమర్చిన చేపలకే అంతర్జాతీయ విపణిలో చోటు. మన దేశంలోనూ వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఆ పట్టికల్లోని జీవులను ఇంట్లో ఉంచుకొన్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు కూడా వచ్చాయి. కాబట్టి ఎవరైనా ఎర్రదో, బంగారు రంగుదో తెచ్చి రహస్యంగా అమ్మజూపితే, అది అదృష్టానికి బదులు అటవీ అధికారులను ఇంటికి తెచ్చే చేప అని గ్రహించండి.

చీనా డ్రాగన్ కథ మన దగ్గరికి వచ్చేసరికి వాస్తు వేషం కట్టింది. ఎర్రచేప కథను వెండి చేపకు అంటగట్టారు. దేశం మారింది, చేప మారింది, మతం మారింది, కథ మాత్రం అమ్ముడుపోతూనే ఉన్నది!

చేపకు దైవత్వం అంటగట్టడం కొత్త సంగతి కాదనడానికి ఒక చారిత్రక ముచ్చట. అరోవానా వంశానికే చెందిన, ముక్కు ముందుకు సాగిన చేప జాతి ఒకటి నైలు నదిలో ఉన్నది. ప్రాచీన ఈజిప్టులో ఒక పట్టణం వారు దానిని పూజించేవారు. ఆ చేప పేరునే గ్రీకులు ఆ పట్టణానికి పెట్టారు, ఆక్సిరింకస్ అని. పొరుగున కుక్కను పూజించే పట్టణం ఒకటి ఉండేది. అక్కడివారు ఈ చేపను తిన్నారని కోపించి, చేప పట్టణం వారు కుక్కలను పట్టి బలి ఇచ్చి తిన్నారనీ, అది యుద్ధం దాకా పోయి చివరకు రోమన్లు ఇరువురినీ శిక్షించారనీ ప్లూటార్క్ వ్రాశాడు. ఆ చేప పట్టణం ఉన్నచోటే నేటి బహ్‌నసా. ఇస్లామీయ విజయాల చరిత్ర చదివిన వారికి ఆ పేరు సుపరిచితం.

మా ఊరి సంగతికి వస్తాము. ఒక వ్యాపారి దుకాణంలోని అరోవానా ఒక తెల్లవారుజామున నేల మీద చచ్చి పడి ఉన్నది. అదే వారంలో ఆయన కుమారుడు మోటారు సైకిలు మీదనుంచి పడి, స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. "మౌల్వీ సాబ్, మా పిల్లవాడికి రావలసిన మౌత్ ఆ చేప మోసుకొని పోయింది. ఇంకొకటి తెప్పిస్తున్నాను" అని ఆయన మాతో ఎంతో నమ్మకంగా చెప్పాడు. మేము తొట్టె వైపు చూశాము. దానికి మూత లేదు. "భాయ్, అది ఎగిరే చేప. కొమ్మ మీది పురుగును పట్టడానికి అల్లాహ్ దానికి ఇచ్చిన ఎగురుడు అది. నీ తొట్టెకు మూత లేదు, కాబట్టి అది నేల మీద పడింది. పిల్లవాడు బ్రతికినది అల్లాహ్ దయ. శుక్రానా నమాజు చేసుకో, ఆ పిల్లవాడికి ఒక హెల్మెట్ కొనిపెట్టు" అన్నాము. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, "మూత పెడితే అందం పోతుందని అమ్మినవాడే చెప్పాడు" అన్నాడు.

ఇది ఒక్క చేప ముచ్చట కాదు, అఖీదా ముచ్చట. దైవప్రవక్త (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ (రజి) మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాని మరణానికే సూర్యుడు చీకటి పడ్డాడని జనం అనుకొన్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఓదార్పుగా తోచవచ్చు, ఆయన ఊరుకొంటే ఊరుకోవచ్చు. అయినా దైవప్రవక్త (స) ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకలకోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉన్నది. సూర్యునికే అంటగట్టకూడని సంబంధాన్ని తొట్టెలోని చేపకు అంటగట్టడం ఎట్లా తగును? శకునాలను నమ్మడం షిర్క్ అని హదీసులో వచ్చిన హెచ్చరిక పిల్లి ఎదురు రావడానికి ఎంత వర్తిస్తుందో, చేప చావడానికీ అంతే వర్తిస్తుంది.

అయితే మొదటి ప్రశ్న మిగిలే ఉన్నది. నమ్మకం లేకుండా, కేవలం అందం కోసం, పిల్లల ముచ్చట కోసం చేపలను పెంచవచ్చునా? పెంచవచ్చును. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్లవానిని దాని సంగతి అడిగి ముచ్చటించేవారు. పిట్టను పెంచుకోవద్దని అనలేదు. దీని ఆధారంగానే ధర్మపండితులు పక్షులు, చేపలు వంటివాటిని పెంచడం అనుమతించారు. ఆ అనుమతికి పక్కనే పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైన హదీసు కూడా నిలబడి ఉన్నది. మొదటి హదీసు గుర్తుండి రెండవది మరిచేవారే ఎక్కువ.

అరోవానా విషయంలో ఆ రెండవ హదీసు ఎంత దూరం వస్తుందో లెక్క వేసి చూద్దాం. దుకాణంలో వ్రేలెడు పొడవు ఉన్న పిల్ల తగిన తిండి, తావు దొరికితే ఏడాదిలోనే అడుగు దాటుతుంది. పూర్తిగా ఎదిగిన వెండి అరోవానా మూడడుగుల దాకా ఉంటుంది. మన ఇండ్లలో సాధారణంగా ఉండే తొట్టె పొడవు మూడడుగులు, వెడల్పు ఒక అడుగు. మూడడుగుల చేప అడుగు వెడల్పులో వెనక్కి తిరగాలంటే వెన్ను మడతపడాలి. కనీసం రెండు మీటర్ల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తొట్టె ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. అందులో పట్టే నీరు సుమారు 900 లీటర్లు. నీటి బరువే 900 కిలోలు, మేడ మీద పెట్టేవారు ముందు మేస్త్రీని అడగడం మంచిది. చేపల మలమూత్రాల వలన నీటిలో అమ్మోనియా పేరుకొంటుంది, అది కంటికి కనబడని విషం. జల్లెడ యంత్రం ఎంత మంచిదైనా వారానికి పావు వంతు నీరు మార్చవలసిందే. అంటే 225 లీటర్లు. మనం తాగడానికి కొనే 20 లీటర్ల క్యాన్లతో పోల్చితే పదకొండు క్యాన్లు. కనిగిరి, పామూరు ప్రాంతంలో ఫ్లోరైడు నీటి బాధ ఎటువంటిదో, వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి ఆడవారు ఎంతసేపు నిలబడతారో మీకు మేము చెప్పనక్కరలేదు. అరోవానాను పెంచగలిగిన స్తోమత ఎవరికైనా ఉండవచ్చు. ఆ నీటిని ఈ గడ్డమీద దానికోసం ఖర్చుచేయడం మాత్రం మాకు మనస్కరించదు. చిన్న చేపలు నాలుగు పెంచుకొని పిల్లలను సంతోషపెట్టండి, వాటికి ఇంత నీరు అక్కరలేదు.

ఇంకొక మాట. బ్రతికి ఉన్న చిన్న చేపలను తొట్టెలో వదలి, అరోవానా వాటిని వేటాడుతుంటే చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారున్నారు. ఆ చిన్న చేపల ద్వారా రోగాలు కూడా వస్తాయి. చచ్చిన రొయ్యలకు, గుళికల తిండికి చేపను అలవాటు చేయవచ్చు. ప్రాణం పోవడాన్ని వినోదంగా చూడడం పసిపిల్లలకు నేర్పదగిన విద్య కాదు.

చేప పెద్దదై తొట్టె చాలనప్పుడు ఏమి చేస్తారు? చంపలేక, చూసుకోలేక, పుణ్యమని తలచి చెరువులో వదలిపెడతారు. ఇక్కడ మా అభ్యర్థన చాలా గట్టిది: వదలకండి. 2018 వరదల తరువాత కేరళలోని చాలక్కుడి నదిలో అరపైమా కనబడింది. అది అరోవానాకు పెద్దన్న వంటిది, పది అడుగుల వరకు పెరిగే అమెజాన్ చేప. పెంపకపు చెరువులు మునిగి బయటపడింది. మన వద్ద కూడా తొట్టెలు శుభ్రం చేస్తుందని కొన్న పలకల చేప ఎవరి చేతినుంచో జారి, నేడు కృష్ణా డెల్టాలో జాలరుల వలలను చింపుతున్నది. పత్రికలు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టాయి. తూర్పు కనుమల నీళ్ళలో అది ఎంతగా వ్యాపించినదో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన డీఎన్‌ఏ జాడలతో కనుగొన్నారు. విజయనగర కాలం నుంచి నిలిచి ఉన్న కంభం చెరువులోనో, మన మోపాడు చెరువులోనో ఒక పరదేశి వేట చేపను వదలిపెట్టడం ఒక చేపకు విడుదల కావచ్చు, అక్కడి చేపలకు మాత్రం కాదు. అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె ఉన్నవారిని వెదకి ఇవ్వండి.

అరపైమా మాట వచ్చింది కాబట్టి బ్రెజిలు వారి ఒక మంచి పని చెప్పి తీరాలి. ఆ చేప మొప్పలతో పాటు గాలినీ పీల్చుతుంది. పది ఇరవై నిమిషాలకు ఒకసారి పైకి రాకపోతే ఊపిరాడదు. అది పైకి వచ్చినప్పుడు అనుభవజ్ఞులైన జాలరులు పడవలో నిలబడి ఒక్కొక్కదానినీ గుర్తుపట్టి లెక్కిస్తారు. మమిరావువా అనే అభయారణ్యంలో 1999 నుంచి ఈ లెక్కను ఆధారం చేసుకొని, ఎన్ని పట్టాలో ముందే నిర్ణయించి, మిగతావాటిని ఊరి వారే కాపలా కాస్తున్నారు. తరిగిపోయిన చేపలు తిరిగి పెరిగాయి. చదువు రాని జాలరుల లెక్క శాస్త్రజ్ఞులు పరీక్షించి సరైనదేనని ఒప్పుకొన్న లెక్క.

అరోవానా వంశపు చేపను చూడాలని మీ పిల్లలు మారాం చేస్తే అమెజాన్ దాకా పోనక్కరలేదు, దుకాణానికీ పోనక్కరలేదు. కృష్ణా, గోదావరి నీళ్ళలో కత్తి అలుగువలె పలుచగా, వెండి రంగులో, వీపు గూనుగా ఉండే చేప ఒకటి దొరుకుతుంది. శాస్త్రజ్ఞులు దానిని నోటాప్టెరస్ అంటారు. కడుపు కింద మొదలై తోక దాకా ఒకే రెక్క ఓణీ అంచువలె అలలు తిరుగుతుంది. దానితో ముందుకూ, అదే సులువుతో వెనక్కూ ఈదుతుంది. ఇది కూడా పైకి వచ్చి గాలి పీల్చుతుంది. ఇందులోనూ గుడ్లకు కాపలా తండ్రిదే. దక్కనులో నల్లరాతి లావా పారిన కాలంలో, అంటే సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు, లావా పొరల నడుమ ఉన్న సరస్సుల మట్టిలో దీని కుటుంబానికి చెందిన చేపల చెవిరాళ్ళు దొరికాయి. మన నేలకు ఇది అంత పాత కాపు. ముళ్ళు ఎక్కువ కాబట్టి ధర తక్కువ, కొర్రమీను పక్కన దీనిని అడిగే నాథుడు ఉండడు. ఎవరూ దీనికి అదృష్టం అంటగట్టలేదు, అది దాని అదృష్టం.

వానలు పడి, కృష్ణ ఒడ్డునుంచి చేపల బండి మీ వీధికి వచ్చినప్పుడు ఒకటి కొనండి. కోయించే ముందు దాని నోరు తెరిపించి, పిల్లవాని చూపుడు వ్రేలితో నాలుకను మెల్లగా తాకించండి. మెత్తగా ఉండదు. ఆకురాయివలె గరుకుగా తగులుతుంది.